ఎడమ పక్కకు తిరుగు, అక్కా

పోయిన వారం మిమ్మల్ని మూడో నంబరు గది గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నేనేమీ అనుకోను. నేనూ ఆ గుమ్మంలోనే కొయ్యబారి నిలబడ్డాను మరి. చేతిలో చీటీ. చీటీ మీద అక్క పేరు, దాని కింద "కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళంతా దురద, పది రోజులుగా" అని డాక్టరు గీకిన రెండు ముక్కలు. ఎదురుగా మంచం మీద అక్క కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉంది.

"ఏమే బుడంకాయ్, నీ గదిలోకి రావడానికి నీక్కూడా టోకెన్ ఇవ్వాలా?" అంది.

యాభై రెండేళ్ళు వచ్చినా దానికి నేను బుడంకాయనే. నవ్వాను. నవ్వుతూనే దాని కళ్ళలోకి చూశాను. తెల్లగా ఉండాల్సిన చోట పసుపు రాసినట్టుంది.

కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు మాటలు. ఈ ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళుగా స్కానింగ్ చేస్తున్నాను. నేను డాక్టర్ని కాను. బొమ్మలు తీసేది నేను, వాటిని చదివి సంతకం పెట్టేది డాక్టరు. అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది అదే, కుట్టు మిషను తొక్కి తొక్కి చదివించిందీ అదే. ఉద్యోగంలో చేరిన రోజు నేను వేసుకున్న తెల్లకోటు అక్క కుట్టిందే. పదకొండు నెలల కిందట కుడిపక్క నొప్పి అంటూ వస్తే నేనే స్కాను చేశాను. పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నాను. "ఉత్త రాళ్ళే బావా, కంగారు పడకు, తీరిగ్గా ఆపరేషన్ చేయించుకోవచ్చు" అని బయట కూర్చున్న బావకి కూడా చెప్పాను. ఆ ఒక్క మాట పట్టుకుని వాళ్ళిద్దరూ పదకొండు నెలలు హాయిగా ఉన్నారు.

మా దగ్గర ఒక పద్ధతుంది. సొంతవాళ్ళకి స్కాను చెయ్యకూడదు. గోడ మీద ఎవరూ రాయలేదు గానీ అందరికీ తెలుసు. చెయ్యి వణుకుతుందని కాదు, కన్ను మొహమాటపడుతుందని. చూడకూడదనుకున్నది ఎదురుగా ఉన్నా కనపడదు. అందుకే పక్క గదిలో చేసే ఆవిడ వచ్చి, "మీరు బయట కూర్చోండి, నేను చూస్తా" అంది.

"అదేం కుదరదమ్మా. ఆ చల్లటి జిగురు నా చెల్లెలు పూస్తేనే నేను ఓర్చుకుంటా. వేరేవాళ్ళు పూస్తే లేచిపోతా" అంది అక్క.

నేను కాదనాల్సింది. కాదనలేదు. అక్క మొండితనానికి లొంగిపోయానని ఆవిడ అనుకుంది. అసలు సంగతి అది కాదు. పోయినసారి నేనేం వదిలేశానో, అది ఇంకొకళ్ళ కంట పడకముందే నా కంట పడాలి. అంత పిరికి బుద్ధి నాది. మీ దగ్గర దాచి ఏం లాభం.

తలుపు వేశాను. లైటు తగ్గించాను. జిగురు సీసా రెండు అరచేతుల మధ్య పెట్టి కాసేపు రుద్దాను. అక్క వెల్లకిలా పడుకుని ఆసుపత్రి వాళ్ళిచ్చిన చొక్కా పైకి జరుపుకుంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. పోయినసారి అలా లేవు.

"చిక్కిపోయావే" అన్నాను.

"నా బట్టలన్నీ నేనే సైడు కుట్లు వేసుకున్నా. రెండుసార్లు వేశా. ఊళ్ళో వాళ్ళవి వదులు చెయ్యడం, నావి బిగించడం, ఇదే పనైపోయింది" అంది. పెద్ద జోకు వేసినట్టు తనే నవ్వింది.

పొట్ట మీద జిగురు పూసి ప్రోబు ఆనించాను. ప్రోబంటే తెలుసుగా, అరచేతిలో పట్టేంత ముక్క, వైరు తోకతో ఉంటుంది. తెర వెలిగింది. బూడిద రంగు విసనకర్ర ఆకారం ఒకటి విచ్చుకుంది.

"నాకు గుర్తుందే, నువ్వు చెప్పిందంతా. అప్పజెప్పనా?" అంది అక్క. నేను వద్దనేలోపే చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "ఇది ఫోటో కాదు. ఈ ముక్కలోంచి మనకి వినపడని శబ్దం లోపలికి పోతుంది. దేనికో దానికి తగిలి వెనక్కొస్తుంది. తొందరగా వస్తే దగ్గర ఉన్నట్టు, ఆలస్యంగా వస్తే లోతున ఉన్నట్టు. గట్టిగా వస్తే తెల్లగా వేస్తుంది, అసలు రాకపోతే నల్లగా వేస్తుంది. నీళ్ళు నలుపు. ఎముకా, రాయీ తెలుపు. మధ్యలో గాలి ఉందంటే శబ్దం ముందుకి పోదు, అందుకే ఈ దిక్కుమాలిన జిగురు. అవునా?"

"అవును."

"మరి నూటికి ఎన్నిస్తావ్?"

"వంద."

ఇదంతా దానికి చెప్పింది నేనే. పోయినసారి ఆ గంటా నేను చేసింది అదే. స్కాను చెయ్యలేదు, గొప్పలు పోయాను. చదివించిన అక్కకి నా విద్యంతా ప్రదర్శించి చూపించాను. రంగులరాట్నం ఎక్కించినట్టు కాలేయం చూపించాను, మూత్రపిండం చూపించాను, రక్తం పరిగెడుతుంటే చప్పుడు వినిపించాను. అది "అబ్బో, అబ్బో" అంటుంటే నాకు ఒళ్ళు పొంగిపోయింది. ఆ పొంగులో ఒక పని మర్చిపోయాను. దాని గురించి చెబుతాను, కాస్త ఆగండి.

ప్రోబు కుడివైపు పక్కటెముకల కిందికి జరిపాను. కాలేయం కనిపించింది. సన్నటి ఇసక పరిచినట్టు ఒకే తీరుగా ఉండాలి. ఉంది. కానీ దాని మధ్యలో నల్లటి గొట్టాలు, కొమ్మలు కొమ్మలుగా. మామూలుగా అయితే వెతికినా దొరకనంత సన్నగా ఉంటాయవి. పైత్యరసం కిందికి దిగే దారిలో ఏదో అడ్డుపడి, వెనక అంతా నిండిపోయి ఉబ్బాయి. కళ్ళు పచ్చబడటానికి కారణం అదే. బొమ్మ ఆపి, కొలిచి, దాచాను. ఇంకొకటి దాచాను. ఇంకొకటి.

"మాట్లాడవేం?" అంది అక్క.

"పని చేసుకోనీ."

"పోయినసారి రేడియోలా వాగావు. ఇప్పుడు నోరు మూశావంటే నాకు భయమేస్తోందే."

ఈ గదికొచ్చే ప్రతి మనిషికీ ఆ భయం తెలుసు. బొమ్మ తీసే మనిషి ఎప్పుడు మాట ఆపేసిందో చూస్తుంటారు. అందుకే నేను నేర్పిన పిల్లలకి మొదటి రోజే చెబుతాను, బాగున్నవాళ్ళ దగ్గర ఎంత మాట్లాడతారో బాగాలేనివాళ్ళ దగ్గరా అంతే మాట్లాడండి అని. చెప్పడం తేలిక.

పిత్తాశయం మీదికొచ్చాను. ఖాళీ కడుపుతో రమ్మంటాం కదా, అప్పుడది నిండుగా నల్లగా ఉంటుంది, లోపల ఏమున్నా తెలుస్తుంది. అక్కది ముక్కాలు భాగం రాళ్ళతోనే నిండిపోయింది. మెరిసే తెల్లటి వంకర గీతలు. ఒక్కో గీత వెనకా కిందిదాకా నల్లటి పట్టీ. రాయిని దాటి శబ్దం పోలేదు గనుక దాని వెనక ఏముందో యంత్రానికి తెలియదు. తెలియనిదాన్ని అది నల్లగా వేస్తుంది. ఆ నలుపుని మేం నీడ అంటాం. నీడలో ఏమీ లేదనుకోవడమే ఈ పనిలో పెద్ద తప్పు.

"అవే కదే మన రాళ్ళు?" అంది అక్క. తెలిసినవాళ్ళని పలకరించినట్టు అంది.

అప్పుడు ఎగిరిపడ్డాను. అక్క ఎదురు గోడకేసి చూస్తోంది. గోడ మీద రెండో తెర ఉంటుంది, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు పడుకుని బిడ్డని చూసుకోవడానికి. మిగతావాళ్ళకి దాన్ని ఆపేస్తాం. నేను ఆపడం మర్చిపోయాను. మొదట్నుంచీ అది అన్నీ చూస్తూనే ఉంది. ఇప్పుడు ఆపితే ఎందుకు ఆపావంటుంది.

"అవే" అన్నాను. "ఎడమ పక్కకు తిరుగు, అక్కా."

తిరగలేదు. తల ఎత్తి నాకేసి చూసింది.

"తిరగాలా?"

"తిరగాలి."

మెల్లగా, మంచం అంచు పట్టుకుని, మూలుగుతూ తిరిగింది. ఒక్క క్షణం ఆగాను, రాళ్ళు దొర్లడానికి. పక్కకు తిప్పేది అందుకే. రాయి బరువుకి కిందికి జారుతుంది, దానితో పాటు దాని నీడా జరుగుతుంది, అప్పటిదాకా నీడలో ఉన్న గోడ బయటపడుతుంది. బీరువా జరిపితే వెనక గోడ కనిపించినట్టు. ప్రోబు పెట్టాను. రాళ్ళు దొర్లాయి. నీడ జరిగింది.

గోడకి అంటుకుని బూడిద రంగు ముద్ద ఒకటుంది.

ఎంతసేపు చూశానో నాకు తెలియదు. వెలుగు పెంచే మీట తిప్పాను. బొమ్మంతా తెల్లబారింది, ముద్ద కూడా. తగ్గించాను. బొమ్మంతా నల్లబడింది, ముద్ద మాత్రం అక్కడే ఉంది. లోతు మార్చాను. పక్కటెముకల మధ్య వేరే సందులోంచి చూశాను. ఏమార్చే బొమ్మలుంటాయి, ఒకచోట ఉన్నది ఇంకొకచోట ఉన్నట్టు చూపిస్తాయి. అలాంటిదేమో, అలాంటిదైతే బాగుండునని నాలుగు వైపుల నుంచీ చూశాను. నాలుగు వైపుల నుంచీ ఉంది.

"బుడంకాయ్" అంది అక్క, అటు తిరిగే. "రాయి వెనక నీడుంటుందన్నావు కదా. దాని వెనక నీడ లేదేం?"

ఆ బొమ్మ ఆపి దాచాను.

"పక్కకి తిరిగితే రాయి దొర్లుతుందన్నావు. అవన్నీ దొర్లాయి. అది దొర్లలేదేం?"

"అక్కా, కాసేపు ఊపిరి బిగబట్టు."

బిగబట్టింది. రంగు మీట నొక్కాను. రక్తం కదులుతున్న చోట యంత్రం ఎరుపూ నీలం పూస్తుంది. రాతిలో, మట్టిలో, బురదలో రక్తం ఉండదు. ఆ మీట నొక్కేటప్పుడు నేను ఏ దేవుడికి మొక్కుకున్నానో కూడా గుర్తులేదు. ముద్ద మధ్యలో ఎర్ర చుక్క ఒకటి వెలిగింది, ఆరింది. మళ్ళీ వెలిగింది. పక్కన ఇంకొకటి. అక్క గుండె కొట్టుకున్నప్పుడల్లా వెలుగుతున్నాయి.

"ఊపిరి వదులు" అనడం మర్చిపోయాను. అదే వదిలింది.

"ఎర్రగా అదేంటే?"

"రక్తం."

"రాళ్ళకి రక్తముంటుందా?"

"ఉండదక్కా."

అక్కే మళ్ళీ అంది, "కొలత ఎంతొచ్చింది?"

దర్జీ కదా, ఏది చూసినా దానికి ముందు కొలత కావాలి. ముద్ద ఈ చివరా ఆ చివరా గుర్తులు పెట్టాను. "మూడు సెంటీమీటర్లు. కాస్త ఎక్కువ."

"కోటు గుండీ అంత" అంది. అని కళ్ళు మూసుకుంది.

ప్రోబు తుడవలేదు, తెర ఆపలేదు. మంచం చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళి దాని మొహానికి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పెద్ద డాక్టరు వచ్చి చెప్పేదాకా మేం నోరెత్తకూడదు, అదీ ఒక పద్ధతే. ఆ పద్ధతిని ఆ రోజు తుంగలో తొక్కాను.

"పోయినసారి నిన్ను పక్కకి తిప్పలేదక్కా."

అది కళ్ళు తెరవలేదు.

"వెల్లకిలా చూసి రాళ్ళున్నాయి కదా అని ఆపేశాను. నీకేమో గిరాకీ బట్టలున్నాయి, తొందరగా పోవాలన్నావు. నాకేమో నీకు కథలు చెప్పడం సరిపోయింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషైతే తిప్పేదాన్నే. ఇరవై ఆరేళ్ళలో ఒక్కళ్ళని తిప్పకుండా పంపలేదు. నిన్నొక్కదాన్నే..." చేతికంటిన జిగురు కోటుకి తుడుచుకున్నాను. "రిపోర్టు ఫారంలో ఒక గడి ఉంటుంది. పక్కకి తిప్పి చూశారా అని. అలవాటుగా టిక్కు పెట్టేశాను."

ఆ మాట అనేశాక ఏడుపు తన్నుకొచ్చింది. ఏడ్చాను. రోగి ముందు ఏడవకూడదని ఎంతమందికి నేర్పానో నాకే లెక్కలేదు.

అక్క నేనెప్పుడూ వినని గొంతుతో, మెల్లగా అంది, "నలభై ఏళ్ళ నుంచి కుడుతున్నా. లోపలి వైపు తిరగేసి కుట్టు చూడకుండా ఒక్క బట్ట ఎవరికీ ఇవ్వలేదే నేను. చిరిగిన సంచీ అయినా తిరగేసే చూశా."

"తిట్టు అక్కా. కొట్టు."

"కొడితే తగ్గుతుందా?" అంది. అప్పుడు కళ్ళు తెరిచింది. పచ్చటి కళ్ళ నిండా నీళ్ళు. "నన్ను తిరగమన్నావే ఇందాక, అప్పుడే అర్థమైంది. పోయినసారి తిరగమనలేదే ఇది, ఇప్పుడెందుకు తిరగమంటోంది అనుకున్నా. నీ మొహం చూశాక అడగబుద్ధి కాలేదు."

చెయ్యి చాపింది. చెంప మీద పడుతుందనుకున్నాను, పడితే బాగుండుననుకున్నాను. తల మీద ఒక మొట్టికాయ వేసింది. చిన్నప్పుడు లెక్కలు తప్పితే వేసేది, సరిగ్గా ఆ చోటే. వేసిన చెయ్యి అక్కడే ఉంచేసింది.

"నేను చచ్చిపోతానా?" అంది.

"నాకు తెలియదక్కా."

"ఇప్పుడు నిజమే చెబుతున్నావు" అంది.

తలుపు మీద రెండుసార్లు చప్పుడైంది. రెండుసార్లే కొట్టి, పదంకెలు లెక్కపెట్టుకుని వచ్చే మనిషి ఒక్కడే. మా పెద్ద డాక్టరు. నేను ఆయనకి పెట్టుకున్న పేరు ఆచితూచి గారు. ఇరవై ఏళ్ళుగా ఆయన నోటి వెంట "ఉంది" అన్న మాట విన్న పాపాన పోలేదు. "ఉన్నట్టు కనిపిస్తోంది" అంటారు, "లేకపోవచ్చు" అంటారు. వర్షంలో తడిసొచ్చి కూడా "చినుకులు పడుతున్నట్టున్నాయి" అనే మనిషి.

గబగబా లేచి మొహం తుడుచుకున్నాను. ఆయన చూసీ చూడనట్టు తెర దగ్గరకి వెళ్ళారు. నేను దాచిన బొమ్మలు ఒక్కొక్కటీ చూశారు. రంగు బొమ్మ దగ్గర ఆగిపోయారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత అక్క వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగారు.

"అమ్మా, పోయినసారి స్కాను చేసినప్పుడు మిమ్మల్ని ఇలాగే పక్కకి తిప్పి చూశారా? మీకేమైనా గుర్తుందా?"

అక్క లేచి కూర్చుని జిగురు తుడుచుకుంటోంది. తల ఎత్తకుండానే అంది, "తిప్పిందండీ. ఒకసారి కాదు, రెండుసార్లు తిప్పింది. నడుం నొప్పి అని నేను గొడవ చేసినా వినలేదు."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అక్క నోట అబద్ధం వినలేదు. గుండీ ఊడిపోతే "కుట్టు నాదే వదులైంది" అని గిరాకీకి తనే చెప్పే మనిషి. నా వైపు చూసి, కనీకనపడకుండా తల అడ్డంగా ఊపింది. నోరెత్తావో జాగ్రత్త అని.

డాక్టరు గారు తల పంకించి నన్ను యంత్రం మూలకి పిలిచారు. గొంతు తగ్గించారు. అక్క అవతల చొక్కా సర్దుకుంటోంది, దానికి ఈ మాటలు వినపడవు.

"పదకొండు నెలల కిందట తిప్పి చూసినా కనపడలేదంటే, అప్పటికి ఇది లేనట్టే అనుకోవాలి. ఏమీ లేనిచోట ఇంతలో ఇంత పెరిగిందన్నమాట. అంత దూకుడుగా పెరిగేదాని మీద కత్తి పెట్టి లాభం ఉండకపోవచ్చంటారు సర్జన్లు. మధ్యాహ్నం వాళ్ళతో కూర్చోవాలి. నన్ను మొదట అడిగేది ఇదే."

"ముందు నుంచీ ఉండి ఉంటే సార్?"

"ఉండి, మెల్లగా పెరిగి ఉంటే, ఆలోచించే దారి వేరే కావచ్చు. కాలేయంలోకి పాకకపోతే తీసెయ్యడానికి ప్రయత్నించమనొచ్చు. ఖాయంగా అని కాదు." ఆగారు. "కానీ తిప్పి చూశారుగా."

అక్కకేసి చూశాను. కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటోంది. నన్ను కాపాడానన్న తృప్తి దాని మొహంలో అంత స్పష్టంగా కనిపిస్తోంది. నన్ను కాపాడడానికి అది తనకున్న ఒక్క దారినీ తనే మూసేసుకుంటోంది, ఆ సంగతి దానికి తెలియదు. ఆ అబద్ధాన్ని అక్కడే వదిలేస్తే నా ఉద్యోగం ఉంటుంది, నా పేరుంటుంది. అక్క ఉండదు.

"తిప్పలేదు సార్" అన్నాను. గట్టిగానే అన్నాను.

"నోరు ముయ్యవే!" అంది అక్క వెనక నుంచి.

"తిప్పలేదు. అక్క అబద్ధం చెబుతోంది, నన్ను కాపాడాలని. ఫారంలో టిక్కు నేను పెట్టిందే, అదీ అబద్ధమే. ఆ నీడ వెనక నేను చూడలేదు. అప్పుడు ఉందో లేదో నాకు తెలియదు."

ఆయన నన్ను కోప్పడలేదు. కోప్పడితే తట్టుకునేదాన్ని. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇది నేను పైకి రాయాల్సి ఉంటుంది" అన్నారు. "రాయండి సార్" అన్నాను. పదకొండు నెలల కిందటి బొమ్మలు తెర మీదికి తెప్పించారు. మొత్తం తొమ్మిది. అక్క చెప్పులు వదిలేసి వచ్చి నా పక్కన నిలబడింది. నా మోచెయ్యి గట్టిగా గిల్లి, గిల్లిన చోటే పట్టుకుంది.

మొదటి బొమ్మ. కాలేయం. రెండు, మూడు, అన్నీ నేను గొప్ప కోసం తీసినవే. ఏడో బొమ్మలో రాళ్ళున్నాయి. రాళ్ళ కింద నీడ. ఆయన బొమ్మని పెద్దది చేశారు. ఇంకా పెద్దది చేశారు. నీడ అంచున, నలుపు ఆగిపోయి బూడిద రంగు మొదలయ్యే చోట, గోడ లోపలికి గోరంత ఉబ్బి ఉంది. తెలిసి చూస్తే తప్ప కనపడనంత. ఒక్కసారి పక్కకి తిప్పి ఉంటే కనపడకుండా పోనంత.

ఆచితూచి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఉంది" అన్నారు.

అంతే అన్నారు. కనిపిస్తోంది అనలేదు, అనుకోవచ్చు అనలేదు. అక్క వేళ్ళు నా మోచేతి మీద సడలాయి. నా కళ్ళ ముందు తెర చెదిరిపోయింది. అప్పుడే ఉంది. నా చేతిలో ఉంది. ఆ ఉబ్బుని ఈ చేత్తోనే బొమ్మ తీసి, దాచి, కింద "రాళ్ళు" అని రాసి, బయటికెళ్ళి నవ్వుతూ చెప్పొచ్చాను.

"ఏది ఉందటండీ?"

ముగ్గురం ఒక్కసారే వెనక్కి తిరిగాం. డాక్టరు గారు వచ్చేటప్పుడు తలుపు సరిగ్గా పడలేదు. గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి, ఇప్పటికీ ఎక్కడ నిలబడ్డా కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడతాడు. ఒక చేతిలో అక్క సంచి, రెండో చేతిలో మూత బిగించిన నీళ్ళ సీసా. స్కాను అవగానే దానికి దాహమేస్తుందని తెచ్చినట్టున్నాడు.

ముందు మాట్లాడింది అక్కే. ఎక్కడ నుంచి తెచ్చుకుందో ఆ నవ్వు, నాకు తెలియదు.

"ఏముంటుందండీ. అవే. మన రాళ్ళేనట" అంది.

బావ దానికేసి చూశాడు. డాక్టరు గారికేసి చూశాడు. తెర మీద బొమ్మకేసి చూశాడు, అందులో ఆయనకి ఏమీ అర్థం కాదు. చివరికి నాకేసి చూశాడు. నేను డాక్టర్ని కానని తెలిసీ అక్కతో పెళ్ళైన కొత్తలో వేళాకోళానికి ఒక పేరు పెట్టాడు, అదే పేరుతో ఈనాటికీ పిలుస్తాడు.

"నువ్వు చెప్పు, డాక్టరమ్మా" అన్నాడు. "పోయినసారి నువ్వు చెప్పావనే నేను నిద్రపోయాను. ఇప్పుడూ నువ్వు చెబితేనే నమ్ముతాను."